చుక్కల బిగోనియాకి హెడ్‌గుమాస్తా వైద్యం

శుక్రవారం పొద్దున్నే అక్కగారింటికి వెళ్తూ భార్య బల్ల మీద చీటీ పెట్టింది. "బాల్కనీలో బిగోనియా పూలమొక్కకి గ్లాసుడు నీళ్లు. నీడలోనే ఉంచండి. ఇంకేమీ చెయ్యకండి. ఆదివారం పూలప్రదర్శనకి వెళ్లాలి." హెడ్‌గుమాస్తా చదివి జేబులో పెట్టుకున్నాడు. పోయినేడాది ఆయన నీళ్లు పోసీ పోసీ ఆవిడ ఎడారిమొక్కని కుళ్లబెట్టాడు. నెల్లాళ్లు ఇంట్లో మాటల్లేవు. ఈసారీ అలాగే జరిగితే ఇక బతికి బట్టకట్టినట్టే!

గ్లాసుతో వెళ్లి చూశాడు. బిగోనియా ఆకుల నిండా తెల్లటి చుక్కలు! మందులషాపు నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు.

"బూజుతెగులు బావా! కాకపోతే పిండినల్లి. పట్టిన ఆకులు కత్తిరించెయ్."

"అన్నిటికీ పట్టిందిరా!"

"అయితే అన్నీ కత్తిరించు."

కత్తిరించాడు. సబ్బునీళ్లు కొట్టాడు. తేమకి బూజు పెరుగుతుందేమోనని ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికి పూలన్నీ రాలి, కాడలు వాడి వేలాడుతున్నాయి. కుండీ చంకన పెట్టుకుని నర్సరీకి పరుగెత్తాడు.

"ఎవరండీ ఈ ఘోరం చేసింది?" అన్నాడు నర్సరీవాడు, కుండీలో పడున్న తెగిన ఆకు చూసి. "ఆ చుక్కలు దీనికి పుట్టుకతోనే వస్తాయి. తెగులూ లేదు, పురుగూ లేదు."

"అలాంటిదే ఇంకోటివ్వు బాబూ, నీకు పుణ్యముంటుంది."

"చుక్కల్లేని రకమే ఉందండీ."

అదే పాత కుండీలో పెట్టించి తెచ్చుకున్నాడు. శనివారమంతా ఆఫీసులో తప్పులు చెరిపే వైట్‌నర్ సీసా, స్కేలు ముందేసుకుని, వరుస తప్పకుండా ఆకుకి పాతిక చుక్కలు పెట్టాడు. ఇదేం బతుకురా దేవుడా అని మధ్యలో రెండుసార్లు ఏడ్చాడు కూడా.

సాయంత్రం భార్య దిగింది. చేతిసంచిలో నిండుగా పూసిన బిగోనియా!

"ఇదెక్కడిది?"

"నాదేనండీ. మీ మీద వదిలేసి వెళ్తానా?"

"మరి బాల్కనీలోది?"

"పక్కింటి పిన్నిగారిది. వాళ్లకి ఎండ పడుతోందని మన నీడలో పెట్టిందావిడ. చీటీ వెనక రాశానుగా!"

'వెనకపేజీ చూడవేం?' అని ముప్పైయేళ్లుగా అందరి ఫైళ్లూ తిప్పిపంపిన మనిషి జేబులోంచి చీటీ తీసి తిప్పాడు. రాసే ఉంది. అంతలో పిన్నిగారు రానే వచ్చింది. మొక్కని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూసింది. ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"చుక్కలు ఇంత తీరుగా ఎప్పుడూ రాలేదు నాయనా! ఏ మందు కొట్టావు?"

"మా ఆఫీసుదేనండీ" అన్నాడు నీరుగారిపోయి.

ఆదివారం ఆ మొక్కకే మొదటి బహుమతి వచ్చింది. సోమవారం పిన్నిగారు తన మిగతా పదకొండు కుండీలూ తెచ్చి హెడ్‌గుమాస్తా బాల్కనీలో దించింది.