నడిమి మాట డాక్టరమ్మ

డాక్టరు కావాలంటే ఏళ్ళతరబడి చదవాలని లోకం భ్రమపడుతోంది. శుద్ధ అబద్ధం! ఒక ఫ్లెక్సీ చాలు.

నా పేరు శివలీల. కర్నూలులో ఒక యూనివర్సిటీలో బయోమెడికల్ సైన్సెస్ డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. జబ్బు ఒంట్లో ఎలా మొదలవుతుంది, కణాన్ని ఏం చేస్తుంది, నెత్తురులో ఏ ఆనవాలు వదులుతుంది, ఇదీ మా చదువు. ల్యాబులో గాజుపలకల మీద కండ పొరలకు రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తాం. నేనింతవరకూ చూసిన రోగులందరూ గాజుకు అంటుకుని ఉన్నవాళ్ళే. ఒక్కరూ నన్ను మందు అడిగిన పాపాన పోలేదు.

మా నాయన రంగస్వామి మాత్రం బయో, మెడికల్, సైన్సెస్ అనే మూడు మాటల్లో నడిమిదొక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు. ముందుదీ వెనకదీ కర్నూలు బస్టాండులోనే దిగిపోయాయి. "మా పాప మెడికల్ చదవతాండాది" అని టీ అంగడి దగ్గర అన్నాడు. ఆ మాట శాంతయ్య చెవిన పడింది.

శాంతయ్య మా ఊరి మాజీ సర్పంచు. ఎన్నికలు దగ్గరపడ్డాయి కనుక కాబోయే సర్పంచు కూడా! ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం పడి చాలాకాలమైంది. నర్సు ఏదని జనం ఆయన్ను నిలదీస్తున్నారు. నర్సును తేవడం కష్టం. డాక్టరును తయారుచేయడం సులభం!

శివరాత్రి సెలవులకు బస్సు దిగేసరికి, నాకంటే ముందే నా ఫొటో ఊళ్ళోకి వచ్చేసి ఉంది. మెడలో స్టెతస్కోపు. ఆ ముఖం నాదే గానీ ఆ మెడ ఎవరిదో! "శాంతయ్య గారి సౌజన్యంతో, డాక్టర్ శివలీల గారిచే ఉచిత వైద్య శిబిరం." ఆయన పేరు గుమ్మడికాయంత. నాది ఆవగింజంత.

"నాయనా, ఏందిది?"

"ఒక్క దినమే కదమ్మా! నాడి పట్టుకో, తల ఊపు. మాత్రలు ఆయప్పే తెచ్చినాడు. పచ్చవి నొప్పులకంట, తెల్లవి జ్వరానికంట."

"నేను డాక్టరును కాను. మనిషికేమన్నా అయితే ఎవరు దిక్కు?"

నాయన తల దించుకున్నాడు. "శాంతయ్య మనింటికొచ్చి, మంచంమీద నా పక్కన కూసున్నాడు తల్లీ. మన తాతల కాలం నుంచి ఆ ఇంటోళ్ళు మన గడప తొక్కినారా?"

నేరుగా శాంతయ్య దగ్గరికే పోయాను.

"మామా, నేను చదివేది డాక్టరు చదువు కాదు."

"వినయం!" అన్నాడాయన, పక్కనున్న వాళ్ళ వంక తిరిగి. "డాక్టరుకు ఉండాల్సిన మొదటి గుణం! చూడండప్పా, ఎంత వినయం ఉండాదో!"

మరునాడు బడి ఆవరణలో షామియానా వేశారు. వరసలో మొదట హనుమమ్మవ్వ. షుగరు మనిషి. కాలికి చుట్టుకున్న గుడ్డ విప్పింది. పుండు అంచు నల్లబడి ఉంది. చచ్చిపోయిన కండ ఎలా ఉంటుందో గాజుపలక మీద చూసినదాన్ని. బతికున్న మనిషి కాలికి చూడడం అదే మొదలు.

"అవ్వా, ఇది నాతో అయ్యే పని కాదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాల. ఆలస్యం చేస్తే కాలే పోతాది."

శాంతయ్య మైకు అందుకున్నాడు. "యాడికీ పోనక్కర్లేదు! ఇంట్లో డాక్టరును పెట్టుకోని ఊర్లెమ్మట తిరుగుతామా? పాపా, ఆ పచ్చ మాత్రియ్యి!"

అందరూ నా చేతినే చూస్తున్నారు. షామియానా గుంజ పట్టుకుని నాయన కూడా.

"ఇయ్యను" అన్నాను.

"ఊరి పరువు తీస్తాండావే! ఎంత పొగరు నీకు!" శాంతయ్య గొంతు పెంచాడు. పెంచిన గొంతు మధ్యలోనే తెగింది. ముఖమంతా చెమట. ఒక చేత్తో ఎద పట్టుకుని, రెండో చేత్తో మైకు వదలకుండా కుర్చీలో కూలబడ్డాడు.

నేను పరుగెత్తి చొక్కా గుండీలు విప్పబోయాను.

"చెయ్యి తీయ్! నన్ను ముట్టుకోవద్దు!" అని అరిచాడు. "కారు తీయండప్పా! ఈ పిల్ల డాక్టరు కాదు! గాజుపెంకులకు రంగులేసే చదువు దీనిది! నా తమ్ముని కొడుకూ అదే చదివినాడు, నాకు తెలీదా? కర్నూలుకు తోలండి, కర్నూలుకు!"

మైకు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఊరి చివర మేకలు కాసేవాళ్ళకు కూడా వినబడిందట!

హనుమమ్మవ్వ లేచి, కుంటుకుంటూ పోయి శాంతయ్య కారు తలుపు తీసింది.

"అవ్వా, పక్కకు జరుగు! శాంతయ్యకు బాగలేదు" అన్నాడు డ్రైవరు ఓబన్న.

"నాకు బాగుండాదా? ఆయప్పకు పనికిరాని డాక్టరు నాకెట్ల పనికొస్తాదప్పా?"

అప్పుడు కదిలాడు మా నాయన. అవ్వను లోపలికి ఎక్కించి, పుండు కాలు తన ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. శాంతయ్య ముందు సీట్లో మూలుగుతూ ఉన్నాడు. కారు కదిలింది.

ఆసుపత్రిలో శాంతయ్యకు తేలింది గ్యాసు. అవ్వకు ఒక వేలు తీసేశారు, కాలు నిలబడింది. ఇంకాస్త జాగు చేసి ఉంటే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదని నాయనతో అన్నారట. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరైనా నన్ను డాక్టరమ్మా అంటే నాయనే అడ్డుపడి, కాదని చెబుతున్నాడు.

అవ్వ ఇంటికొచ్చాక శాంతయ్య ఆమెకు సన్మానం పెట్టాడు. శాలువా కప్పి, మైకు పట్టుకుని గద్గదంగా చెప్పాడు.

"ఇన్నాళ్ళూ దాచినాను, ఇప్పుడు చెప్తాండా. ఆ దినం నాకు ఏ నొప్పీ రాలేదు! ఈయమ్మను కారులో ఆసుపత్రికి చేర్చాలనే అట్ల నటిస్తి!"

చప్పట్లు మోగాయి. హనుమమ్మవ్వ శాలువా సర్దుకుని ఆయన చేతిలోని మైకు దగ్గరికి వంగింది.

"అట్లయితే ఇంగోసారి నొప్పి తెచ్చుకోప్పా. ఆ దినం వరసలో నా ఎనక శానామంది ఉండిరి."