చంద్రవ్వ చేను చుట్టూ తాడు

బొంరాస్‌పేట మండలంలో ఐదు వేల ఏండ్ల నాటి రాతి గొడ్డలి దొరికిందని, దానిని తామే స్వయంగా కాలితో కనుగొన్నామని, ప్రాచీన వైభవ గుర్తింపు కమిటీ చైర్మన్ శ్రీ సోమేశ్వర్ గారు వికారాబాద్‌లో పత్రికల వారిని పిలిపించి ప్రకటించారు.

కాలితో అన్నమాట అక్షరాలా నిజం. మొక్కలు నాటే కార్యక్రమానికి పోతూ, చంద్రవ్వ చేను దగ్గర కారు దిగి రెండడుగులు వేశారో లేదో, ఆ రాయి వారి బొటనవేలికి తగిలింది. మామూలు మనిషైతే తిట్టుకుని పోయేవాడు. చైర్మన్ గారు వంగి, దాన్ని చేతిలోకి తీసుకుని, “దీన్ని ఎవరో కావాల్నని చేసిన్రు” అన్నారు. చూపంటే అదీ.

ఆ చూపు ఊరికే రాలేదు. తాండూరులో వారికి నాపరాయి గని ఉంది, బండలకు పాలిష్ పట్టే మిషన్లు ఆరున్నాయి. ముప్పై ఏండ్లు రాళ్ల మధ్య మసలిన మనిషికి కాక, రాళ్ల కమిటీ ఇంకెవరికిస్తారు?

పేపర్లో ఆ వార్త పడిన పొద్దున చంద్రవ్వ వాకిట్లో కూర్చుని చేటలో కంది విత్తనాలు ఏరుతోంది. మిరుగు కార్తె వాన పడి నేల మెత్తబడింది. ఉన్నది రెండెకరాల నల్లరేగడి. ఏడాది పొడుగునా తినేది, అమ్మేది అందులో పండే కందులే. అప్పుడు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కుమారస్వామి స్కూటర్ మీద పెద్ద తాడు చుట్ట వేసుకుని వచ్చాడు.

“ఏం సారూ, పందిరేస్తున్రా?” అంది చంద్రవ్వ.

“పందిరి గాదు పెద్దమ్మా. నీ చేనుకు గుర్తింపొచ్చింది. ఇగ దాంట్ల దున్నొద్దు, ఇత్తొద్దు, కాలు వెట్టొద్దు.”

“గుర్తింపొస్తె మంచిదే గద. దాని పని అది చేస్తది, నా పని నేను చేసుకుంట.”

“రూలు ఒప్పుకోదు. ప్రాచీన వస్తువు ఎక్కడికెల్లి వచ్చిందో గా జాగ మొత్తం తాడు కట్టాలె. ఎవ్వరి జాగైనా సరే.”

కుమారస్వామి మంచివాడు, ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగడు. రూలు అంటే రూలే. పాపం, ఎండలో చెమటలు కక్కుతూ రెండెకరాల చుట్టూ ఒక్కడే తాడు కట్టి పోయాడు. రాయి గొడ్డలని తేలితే ఆ తాడు ఇక ఉన్నట్టే. గొడ్డలి కాదని తేలితే విప్పుతారు. తేల్చేది చైర్మన్ గారు.

చంద్రవ్వ ఊరుకునే మనిషి కాదు. వాళ్లింటి దూలం మీద ఒక నల్లటి పిడుగురాయి ఉండేది. పిడుగుతో పాటు చేనులో పడిందని, అది ఇంట్లో ఉంటే మళ్లీ పిడుగు పడదని అత్త పెట్టింది. అరచేతిలో ఒదిగేంత రాయి, రెండు వైపులా నున్నగా, ఒక కొస గొడ్డలి అంచులా ఉంటుంది. దాన్ని కొంగున కట్టుకుని, బస్సెక్కి తాండూరు పోయి, చైర్మన్ గారి ముందు పెట్టింది.

“సారూ, మీకు గొడ్డలి తీరు రాయే కావాల్నంటె గిది పట్టుకోండ్రి. నా చేను ఇడిసిపెట్టుండ్రి.”

చైర్మన్ గారు ఉంగరంతో రాయిని కొట్టి చూశారు. ఖంగుమంది. వేలితో రాశారు.

“గింత నున్నగున్నదంటె మిషన్ పాలిషే అవ్వా. గీ పాలిష్ ఎంత కష్టమో నాకు ఎర్క. పాతకాలపోళ్లకు కరెంటేది? నాకు దొరికిన రాయి చూడు. ఏడ వట్టుకున్న గరుకే. కొడితే సౌండే లేదు. గంత వయసు దానికి.”

మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. చంద్రవ్వ రాయిని మళ్లీ కొంగున కట్టుకుంది.

మిరుగు కార్తె పోయి ఆరుద్ర వచ్చింది. ఊరంతా విత్తనాలు పడ్డాయి. చంద్రవ్వ తాడు ఇవతల నిలబడి పక్క చేలల్లో మొలకలు చూసేది. ఆరుద్ర చివరికి గుర్తింపు సభ పెట్టారు. తాడు పక్కనే షామియానా, మైకు, ఎర్రగుడ్డ మీద రాయి. మ్యూజియం నుంచి నీలిమ అనే పిల్ల వచ్చింది. ఆమె సంతకం పెట్టవలసిన ఫారంలో ‘పనిముట్టేనా?’ అని ఉంది, దాని పక్కన ‘అవును’ అనే గడి ఒక్కటే ఉంది.

నీలిమ రాయిని భూతద్దంతో తిప్పి తిప్పి చూసింది.

“సార్, దీనికి చెక్కిన గుర్తులు లేవు. అంచు అరగలేదు. ఒక పక్కన మిషన్ రంపం గీతలున్నాయి.”

“గా కాలంల మిషన్లు ఉన్నయా అమ్మా?”

“లేవు సార్.”

“మరి అవి మిషన్ గీతలెట్లయితయి?”

అందరూ చప్పట్లు కొట్టారు. నీలిమ భూతద్దం సంచిలో పెట్టుకుంది. చైర్మన్ గారు ఉదారంగా మైకు చంద్రవ్వకు ఇప్పించారు.

“చెప్పవ్వా. నీ పొలంల గింత పెద్ద చరిత్ర దొరికింది. ఎట్లనిపిస్తున్నది?”

“నా పొలంల రాయి గాదు సారూ,” అంది చంద్రవ్వ. “నిరుడు వానలకు చేను బాట బురదైతే ఒక ట్రాక్టరు బండల ముక్కలు తెచ్చి పోయించిన. మీ గనికెల్లే తెచ్చిన్రు. అగో, గా ముక్క మీద మీ గని పేరు ఎర్ర రంగుతోని ఇంక ఉండనే ఉన్నది.”

అందరూ బాట వైపు చూశారు. ఉంది.

చైర్మన్ గారు క్షణం కూడా తడబడలేదు. “చూసిన్రా? మా గని ఐదు వేల ఏండ్లదన్నట్టు. రాసుకోండ్రి,” అన్నారు పత్రికల వారితో.

వాళ్లు రాసుకుంటుండగా కుమారస్వామి లేచి, చేతులు కట్టుకుని అడిగాడు.

“సార్, గనికి ఎంత తాడు వడ్తది? రేపు పొద్దుగాల్నే కట్టాలె గద.”

చైర్మన్ గారు ఎర్రగుడ్డ మీది రాయిని మళ్లీ తీసుకున్నారు. ఉంగరంతో కొట్టారు. చెవి దగ్గర పెట్టుకున్నారు.

“ఇప్పుడు సౌండొస్తున్నది,” అన్నారు.

సత్యం కోసం తన మాటను తానే కాదనుకునే నాయకులు ఎందరుంటారు? అక్కడికక్కడే పెన్ను తీసి, ఫారంలో తమ చేత్తో ‘కాదు’ అని ఒక గడి గీసి, నీలిమ చేత సంతకం పెట్టించారు. రాయిని రాయిగా గుర్తించడంలో తాము ఎవరి ఒత్తిడికీ లొంగలేదని మైకులో ప్రకటించారు. కుమారస్వామి రెండెకరాల తాడు విప్పి, చుట్ట చుట్టి, స్కూటర్ మీద పెట్టుకున్నాడు.

షామియానా విప్పేలోగానే చంద్రవ్వ కొడుకు ఎల్లప్ప ఎడ్లను, విత్తే గొర్రును తోలుకొచ్చాడు. తడి ఆరిపోయేలోగా విత్తాలి. ఇన్నాళ్లు మూలన పడి ఉండటంతో గొర్రు చీల వదులైంది. చంద్రవ్వ కొంగు ముడి విప్పి, నల్లరాయి తీసి, చీలను కొట్టసాగింది.

కారెక్కబోతున్న నీలిమ ఆ చప్పుడుకు తిరిగి చూసింది. చెప్పులు బురదలో దిగబడుతున్నా గబగబా వచ్చింది.

“అవ్వా, ఆ రాయి ఒక్కసారి ఇస్తావా?”

రాయిని రెండు చేతులతో పట్టుకుంది. నున్నటి పక్క మీద వేలు పెట్టి అంచు దాకా తెచ్చింది. భూతద్దం మాట కూడా మరచిపోయింది.

“ఇది ఎక్కడ దొరికిందవ్వా?”

చంద్రవ్వ చేను వైపు చూసింది. మబ్బు వైపు చూసింది. తర్వాత, స్కూటర్ స్టార్ట్ చేస్తున్న కుమారస్వామి వెనకాల ఉన్న తాడు చుట్టను చూసింది.

“మిషన్ పాలిష్ బిడ్డా,” అంది. “చైర్మన్ సారే చెప్పిండు.”

ఆ పిల్ల చేతిలోంచి రాయి మెల్లగా తీసుకుని, చీల మీద ఇంకో దెబ్బ వేసింది. చీల బిగిసింది. ఎల్లప్ప ఎడ్లను అదిలించాడు.