గడియారవీరుని కషాయవిజయము

బాలభానుని లేతకిరణములు వంటింటి కిటికీ జాలీ దూరి, తోమి బోర్లించిన గిన్నెల అంచులపై తళతళలాడుచుండగా, పాలు పొంగుట సైతము ఏనాడును కన్నులార చూచి యెరుగని గడియారాల మెకానిక్కు, సూక్ష్మచక్రసంచారదక్షుడు, మొండికేసిన ముళ్లను ఒంటిచేత లొంగదీయు మొనగాడు, చొక్కాచేతులు మడిచి పొయ్యి యెదుట నిలిచెను.

ఏల నిలిచెను? బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చాటు మేఘగంభీరకంఠి, ఆతని ధర్మపత్ని, ఆ ఉదయము గొంతు పూర్తిగా పోయి మంచముపై కూలబడియుండెను. ఒక్కపూట ఆమె పలుకకున్నను మైకు ముందర రికార్డు యంత్రమును కూర్చుండబెట్టెదనని పైయధికారి మునుపే కత్తి నూరియుండెను. డ్యూటీకి గంటయే గడువు. బస్టాండు ఎదుటి కొట్టులో దినమెల్ల ఆ గొంతు వినుచు పనిచేయు వీరునికి ఆ తలంపే పిడుగుపాటయ్యెను.

అత్తగారు ఫోనులో ఉపదేశించెను. "అల్లం దంచి, నాలుగు మిరియాలు పడేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించండి బాబూ. ఆనక వడకట్టండి. అంతే! చిన్నపిల్లలు కూడా చేసేస్తారు."

ఆ చివరిమాట వీరుని ఎదలో బల్లెమై దిగెను.

తోడనే రోలుపై రోకలి లేచెను. అల్లము జారి ఫ్రిజ్జు క్రిందికి పరారయ్యెను. మోకాళ్లపై వంగి వీరుడు గర్జించెను: "ఓరి భూగర్భవాసీ, వికృతాంగా! గోడగడియారములను గడగడలాడించిన నా చేతినుండి నీవెక్కడికి పోయెదవురా!" చీపురుపుల్లతో శత్రువును వెలికిలాగి, కడిగి, నజ్జునజ్జు గావించెను. పట్టకారుతో మిరియములనొక్కటొక్కటిగా జలములందు దించెను. కంటి భూతద్దమును ఆవిరి కమ్మివేయ, తుడుచుచు, తుమ్ముచు, కన్నీరుమున్నీరగుచు, నీరు సగమగువరకు వెన్నుచూపక పోరాడెను.

అంతట వడపోతఘట్టము వచ్చెను. విడిభాగములను పెట్రోలులో కడిగి, జల్లెడలో పోసి, మురికిద్రవమును పారబోసి, మిగిలిన సొత్తును పదిలపరచుట ఆతని నిత్యవృత్తి. అలవాటుపడిన చేతులు ఆజ్ఞకై ఆగలేదు. సింకుపై జల్లెడ పెట్టి, ఘుమఘుమలాడు కషాయమునంతయు ధారగా కుమ్మరించి, పిప్పిని పళ్లెములో ముచ్చటగా పేర్చి, "అయిపోయిందోయ్!" అని విజయనాదము చేసెను.

ఆ కేకకు గుమ్మము చేరిన ఇల్లాలు పళ్లెమును చూచెను, సింకును చూచెను.

"అయ్యో అయ్యో! కషాయం పారబోసి పిప్పి దాచారేంటండీ! మీ బుర్రని ఎవరికివ్వాలి రిపేరుకి?"

గిన్నెలు ఖంగుమని మారుమ్రోగెను.

"గొంతు..." అనెను వీరుడు.

"వచ్చిందండీ!" అని ఆమె పకపక నవ్వెను. ఆతని కన్నులు మరల చెమ్మగిల్లెను. ఈసారి తప్పు అల్లముది కాదు.

డ్యూటీవేళ వచ్చెను. బస్టాండు మైకులు కాస్త బొంగురుగా, ఐనను ఠీవిగా గర్జించెను. ఎదుటికొట్టులో వీరుడు తలయెత్తి, వాచీ తెచ్చిన పెద్దమనిషితో, "విన్నారా? ఆ గొంతు మా రిపేరే," అనెను.

"గ్యారంటీ ఉందా?"

"ఎందుకు లేదు! మళ్లీ ఆగితే నేను వంటింట్లోకి వెళ్తే చాలు."

ఇట్లు, ఒక్క చుక్కయు గొంతు దిగని కషాయము రికార్డు యంత్రమును బస్టాండు గడప తొక్కనీయక, ఆ ఒక్కపూటకు, సంపూర్ణముగా జయించెను!