కంచె మీది బఠానీ తీగ

ఆ శనివారం పొద్దున్నే కోదండరామ్ గారు కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగారు. మిల్టన్ లాంటి చలిదేశపు ఊళ్ళో ఎండాకాలం మూడు నెలల ముచ్చట. ఆలోపే గోంగూర ఎదగాలి, ఆగస్టులో తలో వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి పచ్చడై వెళ్ళాలి. ఈసారి మా పెరటి గోంగూరే తెస్తానని అందరి ముందూ అనేశారు కూడాను. తీరా చూస్తే కంచె మీద ఓ తీగ ఎక్కి కూర్చుని, గోంగూర మడికి ఎండ తగలనివ్వడం లేదు. బఠానీ లాంటి కాయలు, గులాబీ రంగు పూలు. దాని పీక కోసేద్దామని చెయ్యెత్తారో లేదో, కంచె అవతల పక్కింటి డోరీన్ ప్రత్యక్షమైంది.

మన మొహమాటం సంగతి తెలిసిందేగా! కత్తెర వీపు వెనక దాచేసి, పూలు ఎంత బాగున్నాయో అన్నారు. అవునవును, చాలా బాగున్నాయి అందావిడ. తీగ ఆవిడ పెంచుకుంటున్నదేనని ఈయనకి రూఢి అయిపోయింది.

మర్నాడు డోరీన్ తీగకి పురికొసలు కట్టింది. ఆవిడ అంత ముచ్చటపడుతుంటే ఊరుకోవడం మర్యాద కాదని ఈయన రోజూ నీళ్ళు పోశారు. అది చూసి ఆవిడ ఎరువు వేసింది. తీగ ఒళ్ళు చేసింది, గోంగూర పాలిపోయింది.

"గోంగూర చస్తుంటే ఆ తీగకి నీళ్ళేంటండీ?" అంది ఆయన భార్య పద్మిని.

"కట్ చేస్తే పక్కావిడ ఫీలవుతుంది."

"నేను ఫీలవ్వనా?"

పెళ్ళాం దగ్గర మొహమాటమేమిటి? ఆయన నీళ్ళ గొట్టం పట్టుకుని మళ్ళీ తీగ దగ్గరికే నడిచారు.

జూలైలో డోరీన్ ఆ తీగని వీధి తోటల పోటీకి పెట్టింది, అదీ కోదండరామ్ గారి పేరు మీద. చూడ్డానికొచ్చిన జడ్జిగారు దీన్నెలా పెంచారని అడిగితే, తీగ ఆవిడదని ఈయన, ఈయనదేనని ఆవిడ. మీ దేశపు మొక్కేమో, పీకేస్తే బాగుండదనుకున్నానని డోరీన్ వాపోయింది. తన టమాటాల్ని కూడా అదే మింగేసిందట. జడ్జిగారు నవ్వి, ఇది యూరప్ అడవి బఠానీ, ఎవరూ నాటలేదు, దానంతటదే మొలిచిన కలుపు, పీకకపోతే ఏటేటా వస్తూనే ఉంటుందని చెప్పి వెళ్ళిపోయారు.

కోదండరామ్ గారికి ప్రాణం లేచొచ్చింది. కత్తెర తెచ్చి, మర్యాదకి ముందు ఆవిడ చేతికిచ్చారు. అయ్యో, మీరే కొయ్యండని ఆవిడ తిరిగిచ్చింది. అన్నాళ్ళు నీళ్ళు పోశాడే, పాపం ఇష్టమేనేమోనని ఆవిడకి అనుమానం. ఎరువు కూడా వేసిందే అని ఈయనకి. ఆఖరికి ఇంకో వారం చూద్దామనుకున్నారు.

గోంగూర మాత్రం ఎవరినీ అడక్కుండా పోయింది.