బోర్డు పాతిన కుందేలు

ఈస్టర్ ముందరి శనివారం పొద్దున హాలిస్ టీగ్ పెద్ద కోరికలేమీ కోరలేదు. హాబ్స్ మిల్ పార్కు గేటు దగ్గర బోర్డు పాతాలి, పచ్చికలో రంగురంగుల ప్లాస్టిక్ గుడ్లు దాచాలి, మనవరాలు వాటిని వెతుక్కుంటుంటే పక్కన నిలబడి చూడాలి. అంతే. అంతమాత్రం కూడా కొందరికి రాసిపెట్టి ఉండదు.

బోర్డు మీద ఉన్నదల్లా ఒక్క ముక్క: ఈ పార్కులోకి తుపాకులు తేకూడదు, బట్టల కింద దాచుకున్నవి కూడా. ఆ ముక్క కోసం పార్కుల సూపర్‌వైజర్ హాలిస్ టౌన్ కౌన్సిల్ సభ్యుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. నాలుగేళ్ల కిందట ఇదే పార్కులో, పిల్లల బేస్‌బాల్ ఆట దగ్గర ఇద్దరు తండ్రులు మాటామాటా అనుకున్నారు. ఒకడు చొక్కా కింద నుంచి పిస్తోలు తీసి గాల్లోకి పేల్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు కనుక ఊరు ఆ సంగతి మర్చిపోయింది. రెండేళ్ల పాప టెస్సాని పొదివిపట్టుకుని బల్ల కింద దూరిన హాలిస్ కూతురు మేరీబెత్ మర్చిపోలేదు. ఆ నెలలోనే నాష్‌విల్ వెళ్లిపోయింది. మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు.

"ఎవరి నడుముకీ ఏమీ లేని చోటు ఒక్కటి చూపించు నాన్నా, టెస్సాని తీసుకొస్తాను" అంది ఫోన్లో.

"చూపిస్తానమ్మా. బోర్డు పెట్టించి మరీ చూపిస్తాను" అన్నాడు హాలిస్. అన్న మాట ప్రకారం ఈ పొద్దున పాతాడు, గుడ్లూ దాచాడు. చెమట తుడుచుకుంటుండగా ఫోన్ మోగింది.

"హాలిస్, నడుం పట్టేసిందిరా. మంచం దిగలేకపోతున్నా" అని మూలిగాడు వెర్లన్ స్టాంప్స్. "కుందేలు వేషం వరండాలో పెట్టాను. ఈ ఏటికి నువ్వు వేసేయ్."

వెర్లన్‌ది మెయిన్ రోడ్డు మీద తుపాకుల కొట్టు. ఏటేటా పిల్లలకు గుడ్లు పంచే ఈస్టర్ కుందేలు వేషం అతనిదే. ఈ సంగతి పిల్లలకు తప్ప ఊళ్లో అందరికీ తెలుసు. కుందేలుకి ఒక్కటే నియమం: నోరు విప్పకూడదు. విప్పితే పిల్లలు గొంతు గుర్తుపట్టేస్తారు.

హాలిస్ వేషంలో దూరాడు. లోపల వెర్లన్ పొగాకు కంపు. కుందేలు నోట్లో ఉన్న జల్లెడగుడ్డలోంచి ఎదుటివాళ్ల చేతులు కనబడతాయి, ముఖాలు కనబడవు. చేతికి కాగితపు గడ్డి నింపిన పెద్ద బుట్ట తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

మొదట వచ్చింది బాప్టిస్టు చర్చి పెద్ద ఎర్ల్ గొంతు. బోర్డు పైకి చదివి, నిట్టూర్చి, కుందేలు చెవి దగ్గరికి వచ్చాడు.

"వెర్లన్, బండిలో పెడితే అద్దాలు పగలగొట్టి పట్టుకుపోతున్నారయ్యా దొంగ వెధవలు. నీకంటే నమ్మకమైనవాడు ఎవడున్నాడు? కాస్త ఉంచు." గడ్డి కింద ఏదో బరువుగా దిగింది.

హాలిస్ అడ్డంగా తల ఊపాడు. ఆ కుందేలు తల ఎటు ఊపినా చెవులు రెండూ ఊగి ఔనన్నట్టే ఉంటుంది.

"చల్లగా ఉండు" అని ఎర్ల్ వెళ్లిపోయాడు.

ఆ వెనకే స్కూలు లైబ్రరీ ఆవిడ ఓటీ బ్రాంట్. "ఇది మా ఆయన జ్ఞాపకం వెర్లన్. జాగ్రత్త సుమా" అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి తీసి దింపింది. ఆవిడ వెనక పళ్ల డాక్టరు. డాక్టరు వెనక వరస కట్టారు జనం. చట్టాన్ని గౌరవించే ఊరది. బోర్డు చూసి ఎవరూ గొడవ పడలేదు, వెనక్కి తిరిగీ పోలేదు. ఎవరి పిస్తోలు వాళ్లు మర్యాదగా కుందేలుకి అప్పగించి, పిల్లల చేతులు పట్టుకుని లోపలికి నడిచారు.

హాలిస్ ఒక్కో చెయ్యీ గుర్తుపట్టాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్న మనుషులు. పెళ్లిళ్లలో, చావుల్లో, ఆదివారం ప్రార్థనలో వీళ్ల పక్కనే కూర్చున్నాడు. అప్పుడూ వీళ్ల నడుములకి ఇవి ఉన్నాయన్నమాట. మాట్లాడదామంటే చుట్టూ పిల్లలు. తెగించి మాట్లాడినా, బోర్డు పాతినవాడే బుట్ట పట్టుకుని తుపాకులు వసూలు చేస్తున్నాడని ఊరంతా పాకుతుంది. పోనీలే, మాటైతే నిలబెట్టుకున్నాను కదా అని సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు ఎవరి నడుముకీ ఏమీ లేదు. అన్నీ నా చేతికే ఉన్నాయి.

బుట్ట పిడి కిర్రుమంది. పనిముట్ల గదిలో పెట్టి తాళం వేద్దామని మెల్లగా అటు జరిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఎర్రబూట్లు రెండు ఎదురొచ్చాయి.

"కుందేలూ, నాకో గుడ్డివ్వవా?"

టెస్సా గొంతు! ఫోన్లో తప్ప నాలుగేళ్లుగా వినని గొంతు. హాలిస్ ఆనందించే లోపే చిన్న చెయ్యి గడ్డిలోకి దూరబోయింది. పైప్రాణాలు పైనే పోయాయి. బుట్ట అమాంతం నెత్తికెత్తుకున్నాడు.

"ఇవ్వడంట! ఇవ్వడంట!" అని ఎగిరింది టెస్సా. ఇదేదో కొత్త ఆటనుకుని పిల్లలందరూ ఎగబడ్డారు. హాలిస్ పరుగు లంకించుకున్నాడు.

గుడ్లు పంచాల్సిన కుందేలు బుట్ట నెత్తిన పెట్టుకుని పారిపోతోంది. వెనకాల పిల్లల మంద. అరవై ఏళ్ల మోకాళ్లు, వేసవిలాంటి ఎండ, ముక్కుకి అడ్డంగా జల్లెడగుడ్డ. తల్లులు కడుపుబ్బ నవ్వుతూ ఫోన్లలో తీస్తున్నారు. బేస్‌బాల్ మైదానం మధ్యకి చేరేసరికి పిడి ఊడింది. గడ్డి ఎగిరింది. నేలంతా పిస్తోళ్లు.

"తుపాకులు!" అని ఎవరో కేక పెట్టారు. తల్లులు పరిగెత్తుకొచ్చి పిల్లల్ని లాక్కుపోయారు. అదే క్షణాన, పార్కులో ఉన్న పెద్దల చేతులన్నీ అలవాటుగా నడుముల మీదికి వెళ్లాయి. అక్కడ ఏమీ లేదు. ఒట్టి చేతులు నడుముల మీద ఆనించుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. హాలిస్ ఆ రోజు ప్రాణాలతో మిగిలాడంటే ఆ బోర్డు చలవే.

పోలీస్ చీఫ్ రాయిస్ లెడ్‌బెటర్ తాపీగా వచ్చి కుందేలు తల పీకాడు. ఊరు నోరు వెళ్లబెట్టింది. దూరాన పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"నువ్వా!" అన్నాడు రాయిస్. "హాలిస్, ఎలా చెప్పను? మన ఊరి వకీలు పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ బోర్డు చెల్లదుట. పార్కులో తుపాకులొద్దనే అధికారం ఊళ్లకి లేదు, రాష్ట్రానికే ఉంది. వీళ్లలో ఏ ఒక్కరూ తప్పు చెయ్యలేదు. టౌన్ ఉద్యోగివయ్యుండి జనం దగ్గర ఆయుధాలు పోగుచేశావు చూడు, ఎవరైనా తప్పు చేశారంటే అది నువ్వే."

"నేను అడగలేదు రాయిస్. వాళ్లే వేశారు."

"మరి వద్దని చెప్పావా?"

ఎర్ల్ దగ్గుతూ వచ్చి తనది తీసుకున్నాడు. ఓటీ బ్రాంట్ తనదానికి అంటిన మట్టి రుమాలుతో తుడుచుకుంది. తలలు దించుకుని ఒక్కొక్కరే వచ్చి, ఒక్కొక్కరే పోయారు. మేరీబెత్ ముఖం చూడటానికి ధైర్యం చాలక హాలిస్ నేలకేసి చూస్తున్నాడు. ఇక ఈ జన్మకి రాదు. నాలుగేళ్లకి వచ్చి ఇదా చూసింది నా తల్లి!

చివరికి నేల మీద చిన్న పిస్తోలు ఒక్కటి మిగిలింది.

"ఇదెవరిది?" అని అరిచాడు రాయిస్. ఎవరూ కదల్లేదు. "ఎవరిదయ్యా బాబూ?"

"నాది" అంది మేరీబెత్.

హాలిస్ తలెత్తాడు.

"వెర్లన్ మామయ్యనుకుని వేశాను నాన్నా. ఆ రోజు బల్ల కింద నా చేతిలో ఏమీ లేదు. నాష్‌విల్‌లో మొదట కొన్నది ఇదే." భుజానికున్న బ్యాగు తడుముకుంది. "అందరూ మానేసిన చోటు ఒక్కటుంటే నేనూ మానేద్దామనుకున్నా. అందుకే అడిగాను. ఇందాక బ్యాగు ఎంత తేలిగ్గా ఉందో తెలుసా?"

"వాళ్లకి చెబుతానమ్మా. బతిమాలతాను..."

"వాళ్లందరూ తీసేసుకున్నారుగా నాన్నా."

వంగి పిస్తోలు తీసింది. బ్యాగులో, టెస్సా దాచమని ఇచ్చిన చాక్లెట్ల పక్కన పెట్టి జిప్పు లాగింది. ఏడుస్తున్న కూతుర్ని ఎత్తుకుని కారు వైపు నడిచింది.

హాలిస్ కుందేలు తల మళ్లీ తగిలించుకున్నాడు, ఏడవడానికి ఆ పార్కులో అంతకంటే మరుగు లేదు. పిల్లలు గుడ్లు వెతకడం మళ్లీ మొదలుపెట్టారు. అంతమందిలో నడుముకి ఏమీ లేనిది తోక ఉన్నవాడికొక్కడికే.