యల్లమంద ఉడకబెట్టిన హారతి పళ్ళెం

నరసరావుపేట కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకునే యల్లమందకి లోకంలో ఇద్దరంటేనే భయం. ఒకరు ఇల్లాలు కుసుమ. రెండోవారు ఊడిన పన్ను కట్టించుకునే వంకతో గురజాల నుంచి వారం వారం బస్సెక్కి వచ్చే అక్క బసవమ్మ. ఎప్పుడో ఒక పెళ్ళిలో చీర రంగు దగ్గర చెడిన ఆ వదినా మరదళ్ళకి ఈ మధ్యే మాటలు కలిశాయి. అవి మళ్ళీ తెగితే తన కంచంలోకి అన్నం రాదని అతని దిగులు.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి ఓ ప్రొఫెసరు వచ్చి, రాగి, జింకు, అల్యూమినియం కలిపి చేసిన అరచేతంత బిళ్ళని కుర్రాళ్ళకి చూపించాడు. మేకుతో దానిమీద నొక్కులు పెట్టి మరిగే నీళ్ళలో ముంచితే, నొక్కులన్నీ పోయి బిళ్ళ ఏమీ ఎరగనట్టు నున్నగా పైకొచ్చింది. ఈ లోహానికి తన పాత రూపం గుర్తుంటుందన్నాడాయన. టీలు మోసినందుకు మెచ్చి, వెళ్ళేటప్పుడు దాన్ని యల్లమంద చేతిలో పెట్టాడు.

బంగారంలా మెరుస్తోంది. హారతి పళ్ళెంగా బాగుంటుంది, నా పేరు కొట్టించమంది కుసుమ. వారం తిరక్కుండా బసవమ్మ చూసి, ఆడపడుచుని నేనుండగా ఇంకెవరి పేరు కొట్టిస్తావంది. యల్లమంద ఇద్దరికీ విడివిడిగా తలూపాడు. అంతకుమించిన పని ఆ తల ఎప్పుడూ చేసి ఎరగదు.

మన వైపు గిన్నె కొంటే అందులో నీళ్ళు పోయకముందే దానిమీద చుక్కలతో పేరు కొట్టిస్తారు కదా. బజారులో ఆ పని చేసే మౌలాలీని పట్టుకుని, చీమ నడిచినంత తేలిగ్గా 'కుసుమ' అని కొట్టించాడు. అక్క వచ్చే రోజు పొద్దున్నే పళ్ళేన్ని ల్యాబులో వేడినీళ్ళలో ముంచాడు. కుసుమ మాయం. దానిమీదే 'బసవమ్మ' అని కొట్టించి, బస్టాండులో అక్కకి చూపించి, ఇంకా మెరుగు పెట్టాలని వెనక్కి తెచ్చుకున్నాడు. సాయంత్రానికి మళ్ళీ ముంచాడు, మళ్ళీ కుసుమ. హారతి మాత్రం వెలిగించొద్దు, నల్లబడుతుందని పెళ్ళానికి గట్టిగా చెప్పాడు. ఇలా కొన్ని నెలలు ఇద్దరాడవాళ్ళూ మురిసిపోయారు. యల్లమందకి రెండు పూటలా నెయ్యి పడింది.

ఒక ఆదివారం బసవమ్మ చెప్పాపెట్టకుండా దిగింది. కొత్తింట్లో పాలు పొంగించుకుంటున్నాను, నా పళ్ళెం నాకివ్వమని కూర్చుంది. యల్లమంద వంటింట్లోకి దూరి, కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, గిన్నెడు నీళ్ళలో పళ్ళెం పడేశాడు. నీళ్ళు తెర్లాయి. తీసి చూస్తే 'కుసుమ' కదల్లేదు. పంపు కొట్టి మంట పెంచాడు. చింతపండు పెట్టి తోమాడు. పచ్చడిబండతో నాలుగు బాదాడు. పేరు ఇంకా తళతళలాడింది.

"ఏంది తమ్ముడూ, కందులా? ఇంకా ఉడకలా?" అంది వెనక నుంచి బసవమ్మ. పక్కనే కుసుమ.

కుసుమే చెప్పుకొచ్చింది. పోయిన శుక్రవారం మనసాగక కర్పూరం వెలిగించిందట. చూస్తుండగానే తన పేరు కరిగిపోయిందట.

"నా పేరే చెరిగిపోతే నాకేం మూడిందోనని వణికిపోయానయ్యా. వదిన దగ్గరికి పోయి ఏడ్చా," అంది.

యల్లమంద తల దించుకున్నాడు. ఆ భయం సంగతి అతని లెక్కలోకి రానే లేదు.

తన పళ్ళెంమీద కుసుమ పేరెందుకుందని బసవమ్మ అడగడంతో గుట్టంతా బయటపడింది. చెరిగిన పేరులో ఒక్క చుక్క మాత్రం మిగిలిందట, మౌలాలీ తుమ్మినప్పుడు లోతుగా దిగిన చుక్క. ఇద్దరూ కలిసి అతని దగ్గరికే వెళ్ళి, ప్రతి చుక్కా అలాగే దిగేసి కొట్టమన్నారు. లోతుగా దిగితే పూడదని ప్రొఫెసరు చెప్పే ఉంటాడు. అప్పుడు యల్లమంద టీలకి వెళ్ళి ఉంటాడు.

"మరి అక్క పేరు?" అన్నాడు నెమ్మదిగా.

బసవమ్మ పళ్ళేన్ని తిరగేసింది. వెనకవైపు అంతే లోతుగా 'బసవమ్మ' అని ఉంది.

"దీనికి రెండు వైపులున్నయిరా. ఇన్ని నెలలు ముంచావు, ఒక్కసారన్నా తిప్పి చూశావా?"

ఆరు నెలలు గురజాలలో, ఆరు నెలలు పేటలో అని వాళ్ళిద్దరూ ముందే ఒప్పందం చేసుకున్నారట. ఇప్పుడు గురజాల బస్సుకి టైమైందని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. మరి తనకి అన్నం, అని గొణిగాడు యల్లమంద.

కుసుమ వెనక్కి తిరిగింది. "పళ్ళెం చారు కాచావుగా. పోపు పెట్టుకుని తాగు."