అడ్డు తీసిన రోజు

ఆ ఉదయం ఉపసంపాదకుడికి ఉన్న పని ఒక్కటే. పదకొండు గంటల సమావేశంలోపు పది వాక్యాల విన్నపం రాయాలి. అతను పనిచేసే పత్రికను జనం ఇప్పుడు కాగితం మీద కాక ఇంటర్నెట్‌లోనే చదువుతున్నారు. వాళ్ళలో సగం మంది యాడ్ బ్లాకర్ పెట్టుకుని, ప్రకటనలేవీ కంటపడకుండా వార్త ఒక్కటే చదువుకుని చక్కాపోతున్నారు. "దయచేసి దాన్ని తీసేయండి, ప్రకటనలుంటేనే మేముంటాం" అని పాఠకుల్ని బతిమాలుతూ రాయమన్నాడు సంపాదకుడు. పనిలో పనిగా ఇంకో ఆజ్ఞ కూడా వేశాడు. "ముందు మనవాళ్ళంతా తీసేయాలి. ఆఫీసులోనే కాదు, ఇళ్ళల్లో కూడా. మన ప్రకటనలు మనమే చూడకపోతే ఊళ్ళోవాళ్ళు చూస్తారా?"

ఉపసంపాదకుడు పైవాళ్ళ మాట జవదాటే మనిషి కాదు. పళ్ళు తోముకుంటూనే హాల్లో మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, అందులో ఉన్న యాడ్ బ్లాకర్‌ని పీకేశాడు. ఆస్పత్రి మందుల కౌంటర్లో పనిచేసే భార్య, తెల్లకోటు చేతిమీద వేసుకుని బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఏం చేస్తున్నారు?"

"ఊఁ."

"ఏం చేస్తున్నారని అడుగుతున్నాను."

"ఆఫీసు పనిలే. నీకు బస్సు టైమవట్లా?"

ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి పిల్లలు బడికి, అతను ఆఫీసుకి వెళ్ళిపోయారు. ఇంట్లో అత్తగారు మిగిలింది. ఆవిడ ఒకప్పుడు హైస్కూలు హెడ్మిస్ట్రెస్. కంటి ఆపరేషన్ చేయించుకుని పది రోజులుగా కూతురింట్లో ఉంటోంది. తొమ్మిది కాగానే ఆ కంప్యూటర్లో అల్లుడి పత్రిక తెరిచి, భూతద్దం పట్టుకుని గళ్ళ నుడికట్టు పూరించడం ఆవిడ దినచర్య.

ఆ రోజు గళ్ళు కనిపించలేదు. నిలువు ఒకటి మీద ఒక బూటు నిలబడి ఉంది. దాన్ని పక్కకి జరపబోతే కింద ఎవరో బట్టతలాయన తన జుట్టు ఎలా మొలిచిందో అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన్ని ఎలా ఆపాలో వెతుకుతుండగా మొత్తం తెర కప్పేస్తూ ఇంకొకటి దిగింది. దాని మూలన ఆవగింజంత గుణకారం గుర్తు ఉంది. భూతద్దంతో గురిచూసి నొక్కింది. అది పోలేదు సరికదా, కొత్త పేజీ తెరుచుకుంది. "కొనసాగడానికి ఫోన్ నంబరు ఇవ్వండి" అని పెద్దక్షరాలతో అడిగింది. నుడికట్టుకి కూడా హాజరు వేస్తున్నారు కాబోలనుకుని, ఫ్రిజ్ మీద అతికించిన చీటీలోంచి అల్లుడి నంబరు చూసి వేసింది.

వెంటనే తెర మీదికి అక్షరాలు వచ్చాయి. "మళ్ళీ స్వాగతం! పోయినసారి మీరు సగంలో ఆపిన విడాకుల ఫారం మా దగ్గర భద్రంగా ఉంది."

హెడ్మిస్ట్రెస్ దాన్ని మూడుసార్లు చదివింది. అక్షరదోషం ఒక్కటీ లేదు. కొడుక్కి ఫోన్ చేసింది. అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. అప్పుడు ఎవరికో రివర్స్ నేర్పిస్తున్నాడు.

"ఒరేయ్, మీ బావ అక్కని వదిలేస్తున్నాడురా."

"ఎవరు చెప్పారమ్మా?"

"కంప్యూటర్ చెప్పింది. ఫారం భద్రంగా ఉందిట. ఇంతకుముందోసారి వచ్చి సగం రాసుకున్నాట్ట కూడా."

"కాసేపాగు, వస్తున్నా. బ్రేకు! బ్రేకు మీద కాలెయ్యండి సార్!"

తర్వాత కూతురికి చేసింది. సంగతంతా విన్నాక కూతురు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, "అమ్మా, నువ్వు ఇంక దేన్నీ ముట్టుకోకు. సగం పూట సెలవు పెట్టి వస్తున్నా" అని పెట్టేసింది. పాపం పిచ్చిది, నోట మాట రావట్లేదు, అని కళ్ళు ఒత్తుకుంది తల్లి. ఆపరేషన్ అయిన కన్ను ఒత్తకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి, రెండో కన్నే ఒత్తుకుంది.

ఆఫీసులో సమావేశం మొదలైంది. బల్ల చుట్టూ సంపాదకుడు, ప్రకటనల విభాగం మేడమ్, ఉపసంపాదకుడు, పేజీలు పేర్చే కళాకారుడు కూర్చున్నారు. ఆ కళాకారుణ్ణి అందరూ 'మేస్త్రి' అంటారు. ఉపసంపాదకుడికి పదేళ్ళ స్నేహితుడు.

"జనానికి విశ్వాసం లేదు సార్," అంది మేడమ్. "అసలు యాడ్ బ్లాకర్ ఎందుకు పెట్టుకోవాలి? మనమేం హాని చేశాం?"

"మొన్న మన పేజీలో ఒకాయన పోయిన వార్త చదువుతున్నానండీ," అన్నాడు మేస్త్రి. "సగంలో ఒకమ్మాయి అడ్డమొచ్చి డాన్సు చేస్తూ తలకి షాంపూ రుద్దుకుంది. అది అయ్యేదాకా మిగతా సగం కనిపించలేదు. పోయినాయన మా మేనమామ."

"నువ్వు రాసింది చదవవయ్యా," అన్నాడు సంపాదకుడు. ఉపసంపాదకుడు గొంతు సవరించుకుని, "పాఠక మిత్రులారా, మీకూ మాకూ మధ్య ఏ అడ్డూ ఉండకూడదని..." అన్నాడో లేదో ఫోన్ మోగింది. ఆ ఫోన్‌కి చెవి దగ్గరి స్పీకరు పాడై నెలయింది. ఎవరేం మాట్లాడినా గదంతా వినపడుతుంది.

"నమస్తే సార్! విడాకుల గురించి ఇందాక మా పేజీకి వచ్చారు కదా. మీ శ్రీమతికి తెలియకుండానే పని మొదలుపెట్టేయొచ్చు సార్. మీరేం కంగారు పడకండి."

కంగారులో అతను ఎరుపు బటన్ నొక్కబోయి రెండుసార్లు శబ్దం పెంచాడు. ఎలాగో ఆపేసేలోపు మేడమ్ కుర్చీ కొంచెం దూరం జరుపుకుంది.

"ఇంట్లో ఇబ్బందులుంటే ముందే చెప్పాల్సింది," అన్నాడు సంపాదకుడు మెత్తగా. ఆయన మెత్తగా మాట్లాడితే ఆఫీసులో అందరికీ భయం.

"సార్, నాకే ఇబ్బందుల్లేవు సార్!"

మళ్ళీ మోగింది. ఒంటరి మగవాళ్ళకి గాలీ వెలుతురూ బాగా వచ్చే గదులున్నాయన్నారు. ఆ తర్వాత, రెండో పెళ్ళివాళ్ళకి సంబంధాలు చూసేవాళ్ళు చేసి పిల్లలెంతమందని అడిగారు. ఒకచోట వేసిన నంబరు రెండు గంటల్లో పదిచోట్లకి చేరిపోయింది. చెమటలు కక్కుతున్న ఉపసంపాదకుడికి అప్పుడో సంగతి తట్టింది. రెండు నెలల కిందట మేస్త్రిని వాళ్ళావిడ ఇంట్లోంచి పొమ్మంటే, అతను వీళ్ళింట్లో నాలుగు రోజులున్నాడు. ఆ కంప్యూటర్ పక్కనే పడుకున్నాడు.

"నువ్వేనా?" అన్నాడు మేస్త్రి వైపు తిరిగి. "నీ విడాకుల కోసం మా ఇంట్లో కూర్చుని వెతికావా? నీ దరిద్రం నాకు అంటించావా?"

మేస్త్రి ముఖం పాలిపోయింది. "నేను దేనికి వెతుకుతానురా? నాకు నోటీసు మా ఆవిడవాళ్ళే పంపారు. నేనింకా సంతకం పెట్టలేదు. పెట్టనని నీ ఒక్కడికే చెప్పాను." కాగితాలు తీసుకుని లేచాడు. "ఇప్పుడు అందరికీ తెలిసింది. సంతోషం."

తలుపు మెల్లగా వేసి వెళ్ళాడు. విసురుగా వేసినా బాగుండేదనిపించింది ఉపసంపాదకుడికి. "ఆ విన్నపం మేడమ్ రాస్తారు. నువ్వు ఇంటికెళ్ళి చక్కబెట్టుకో," అన్నాడు సంపాదకుడు. మెట్లు దిగుతుండగా మళ్ళీ ఫోన్ మోగింది.

"ఇల్లు మారుతున్నారట కదా సార్. మీ సామాన్లు జాగ్రత్తగా..."

"సామాన్లా? మీకు సిగ్గుందా? దమ్ముంటే ఇంటికి రండి! మూడో వీధి, పదిహేడో నంబరు, పై అంతస్తు! రండి, మీ సంగతి చూస్తా!"

"తప్పకుండా సార్. అరగంటలో మావాళ్ళుంటారు," అన్నాడు అవతలివాడు ఆనందంగా.

బస్సు దొరికి, ట్రాఫిక్ దాటి, ఉపసంపాదకుడు ఇంటికి చేరేసరికి వీధిలో లారీ ఆగి ఉంది. సామాన్లు తరలించే మనిషి చెవి సందున పెన్సిల్ దోపుకుని, పడకగదిలో బీరువాని టేపుతో కొలుస్తున్నాడు. అత్తగారు సోఫాలో నిటారుగా కూర్చుని, వచ్చిన దొంగని గుర్తుపట్టడానికన్నట్టు భూతద్దంలోంచి అల్లుణ్ణి చూసింది. భార్య కిటికీ దగ్గర తెల్లకోటు విప్పకుండా నిలబడి ఉంది. అతను ఇంకా చెప్పులు విప్పలేదు. బావమరిది వచ్చి కాలరు పట్టుకున్నాడు.

"చెప్పకుండా లారీ కూడా పిలిపించావా బావా? అక్క ఏం తక్కువ చేసింది నీకు?"

"ఒరేయ్, నా మాట విను! ఆ యాడ్ బ్లాకర్ తీసేయబట్టి వచ్చిందిరా ఇదంతా. మనం ఎప్పుడో ఒకసారి ఏదైనా వెతికితే దాన్ని పట్టుకుని వాళ్ళు మన వెంటపడతారు. అంతే!"

"అంటే వెతికావన్నమాట!"

"నేను వెతకలేదు!"

"మళ్ళీ స్వాగతం అన్నారు," అంది అత్తగారు. "రాకుండానే మళ్ళీ అంటారా బాబూ? మళ్ళీ అనే మాటకి అర్థం నాకు తెలియదా?"

"పిల్లల మీద ఒట్టు! ఆ పేజీ నేను జన్మలో చూడలేదు. ఎవరు చూశారో, ఎవరు సగం రాశారో ఆ దేవుడికే తెలియాలి!" ఆ రోజంతా అతను చెప్పిన మాటల్లో ఇదొక్కటే ఎవరైనా నమ్మేలా ఉంది.

"నేను," అంది భార్య.

టేపు చప్పుడు కూడా ఆగిపోయింది.

"సగం రాసింది నేను, ఈ కంప్యూటర్లోనే. ఏడాది అయింది. ఆ మర్నాటి నుంచీ కంప్యూటర్ తెరిస్తే చాలు, అవే ప్రకటనలు. అమ్మ వస్తే చూస్తుంది, పిల్లలు చూస్తారు. మీరూ చూస్తారేమోనని భయమేసింది. అందుకే మా కౌంటర్లో అమ్మాయినడిగి ఆ అడ్డు పెట్టించాను."

"నువ్వా?" అన్నాడతను. "ఎందుకు?"

"పందొమ్మిదేళ్ళలో నన్ను ఎందుకని అడగడం ఇదే మొదలు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. మందు ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్పేటప్పటి గొంతే అది. "నేను ఏడుస్తున్నప్పుడు కూడా ఊఁ అన్నారు. ఒకే ఇంట్లో ఉంటూ మూడు నెలల్లో నాతో ఎన్ని మాటలు మాట్లాడారో లెక్కపెట్టాను. ఆ ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాయాలో తెలియక ఆపేశాను. కొట్టలేదు, తాగలేదు. దీన్నేమంటారో తెలియలేదు."

అత్తగారు భూతద్దం కిందికి దించింది. నోరు తెరిచి, ఏదో పదం కోసం వెతికి, దొరక్క మూసుకుంది.

సామాన్ల మనిషి గుమ్మంలోకి వచ్చి ఇబ్బందిగా దగ్గాడు. "అమ్మా, ఏమనుకోకండి. ఇంతకీ ఆ బీరువా ఇక్కడే ఉంటుందా, వెళ్తుందా?"

ఆవిడ భర్త వైపు చూసింది. అతను ఏదో అంటాడేమోనని కాస్త ఆగింది కూడా.

"కొలవండి," అంది.

బావమరిది అప్పటిదాకా పట్టుకున్న కాలరు వదిలేసి, పడ్డ ముడతలు చేత్తో సాపు చేశాడు.